అత్తయ్య చెప్పిన ఎనిమిదేళ్ళు

ఇప్పుడు నేను నడుస్తున్నాను. మెట్ల దగ్గర గోడ పట్టుకుంటాను, నల్లబల్ల మీద పై రెండు వరసలూ వదిలేసి రాస్తాను, అంతే తేడా. ఊళ్ళో ఎదురైన ప్రతివాళ్ళూ "బాగయిపోనారు టీచరుగారూ" అంటున్నారు. బాగయిపోవడం అంటే ఏమిటో నాకు యాభై రెండేళ్ళ వయసులో తెలిసింది. చెంబు ఎత్తి నీళ్ళు తాగడం ఎంత పెద్ద పనో, ఎన్ని నరాలు కూడబలుక్కుంటే ఒక బొత్తాం పెట్టుకోగలమో, పోగొట్టుకుంటే గాని తెలియదు. ఇది రాసుకుంటే నాకు కాస్త నిలకడ వస్తుందని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మా స్టాఫ్‌రూములో మేం చేసిన తప్పు ఇంకెవరూ చేయకూడదు.

నేను నర్సీపట్నంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా ఆయనకి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర జిరాక్స్ షాపు ఉంది. ఒక్కతే అమ్మాయి, పెళ్ళై దూరదేశంలో ఉంటోంది. మా అత్తయ్యది గొలుగొండ దగ్గర పల్లె. మామయ్య పోయాక చెరకు పొలం కౌలుకిచ్చేసి మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడకి చదువు రాదు. ఆ సంగతి ఆవిడకి తప్ప ఎవరికీ గుర్తుండదు, అంత గట్టిగా మాట్లాడతారు.

ఆరేళ్ళ క్రితం మా లెక్కల మాస్టారు ఒక ఆరోగ్య బీమా కంపెనీకి ఏజెంటుగా చేరారు. మధ్యాహ్నం అందరం క్యారేజీలు విప్పిన వేళ ఫారాలు తెచ్చి బల్ల మీద పరిచారు. నా వంతు వచ్చేసరికి నా చేతికి పప్పన్నం అంటుకుని ఉంది. "మీరు తినండి టీచరుగారూ, నేను కొట్టేస్తాను" అని ఆయనే టిక్కులు కొట్టడం మొదలెట్టారు. బీపీ లేదు, సుగరు లేదు, ఏదీ లేదు. నాకు అప్పటికి రెండేళ్ళుగా సుగరు ఉంది. ఆ మాట చెప్తే ఆయన పెన్ను ఆపకుండానే, "ఉందని రాస్తే ఇవ్వరండీ. ఇచ్చినా రేటు పెంచేస్తారు. అందరూ లేదనే పెడతారు" అన్నారు. నేను చెయ్యి కడుక్కుని వచ్చి సంతకం పెట్టాను. ఆ రోజు పదకొండు మందిమి సంతకాలు పెట్టాం. ఆ కాగితాల ప్రకారం మా పదకొండు మందిలో ఒక్కరికీ ఏ జబ్బూ లేదు. సైన్సు మేడమ్ అయితే ఆయాసానికి పీల్చే మందు పక్కన పెట్టుకునే సంతకం చేశారు.

ఇంటికి తెచ్చి మా ఆయనకి చూపిస్తే ఒక కాపీ తీసి ఫైల్లో పెట్టారు. ఊరందరి పాలసీ కాగితాలూ జిరాక్స్ తీసే మనిషి, మా పాలసీలో ఒక్క పేజీ కూడా చదవలేదు. కాని కట్టడం మాత్రం ఒక్క ఏడాదీ ఆపలేదు. పోయిన ఏడు నేనే ఆపేద్దామన్నాను. ఏ ఏటికా ఏడు పెంచుతూనే ఉన్నారు, మనకేం రోగాలొచ్చాయి, డబ్బు దండగ అన్నాను. "ఈసారి దాని మీద పన్ను తీసేశారట, కొంచెం తగ్గింది. ఈ ఒక్క ఏడూ కట్టేద్దాం" అన్నారాయన. ఆ మాటకి ఈ రోజుకీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఫిబ్రవరి మూడో వారం, గురువారం. తొమ్మిదో తరగతికి సంధులు చెప్తున్నాను. చేతిలో సుద్దముక్క జారి కింద పడింది. తీశాను, మళ్ళీ పడింది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. క్లాసయ్యాక మెట్లు దిగి స్టాఫ్‌రూములోకి వస్తే సైన్సు మేడమ్ నా కాళ్ళకేసి చూసి, "మీ రెండో చెప్పేదండీ?" అని అడిగారు. చెప్పు మెట్ల మధ్యలో ఉండిపోయింది. కాలికి చెప్పు లేదన్న సంగతి నా కాలికి తెలియలేదు.

శనివారానికి స్నానాల పీట మీద నుంచి లేవలేకపోయాను. అత్తయ్య వచ్చి చంకల కింద చేతులేసి లేపారు. తిమ్మిరి అరికాళ్ళలో మొదలై, వత్తి నూనె పీల్చుకున్నట్టు మోకాళ్ళ దాకా వచ్చింది. వాతం అనుకున్నాం. అత్తయ్య ఆవనూనె కాచి రుద్దారు. అప్పటికీ తగ్గకపోతే కోటవురట్లలో ఉన్న వాళ్ళ తమ్ముడికి కబురుపెట్టి, బుట్టలో పావురాన్ని తెప్పించారు.

"దీని రగతం రాస్తే పడిపోయిన కాళ్ళు లేస్తాయమ్మా. మా ఊళ్ళో ఎంతమందికి లేసినాయో" అన్నారు.

"వద్దత్తయ్యా, పాపం దాని కాళ్ళు బాగానే ఉన్నాయి కదా" అన్నాను.

ఆవిడ నన్నూ పావురాన్నీ మార్చి మార్చి చూసి, బుట్ట మూత తీసేశారు. అది చేటలో బియ్యం నాలుగు గింజలు తిని మరీ వెళ్ళింది.

ఆ సాయంత్రం ఊళ్ళో డాక్టరుగారి దగ్గరికి మా ఆయన నన్ను దాదాపు ఎత్తుకుని తీసుకెళ్ళారు. డాక్టరుగారు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టారు. కాలు కదలలేదు. రెండో కాలి మీద కొట్టారు. అదీ కదలలేదు. ఆయన సుత్తి బల్ల మీద పెట్టి, "బేగి విశాఖ తీసుకెళ్ళండి. ఇంటికెళ్ళి బట్టలు సర్దుకుంటాననకండి" అన్నారు. ఫీజు ఇవ్వబోతే తీసుకోలేదు. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. ఫీజు వద్దన్న డాక్టరుని నేను అంతకుముందు చూడలేదు.

విశాఖలో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో చేర్చారు. ఆదివారం పొద్దున్న నరాల డాక్టరుగారు వచ్చి అర్థమయ్యేట్టు చెప్పారు. రోగాల మీద పోరాడాల్సిన మన ఒంటి శక్తే పొరపాటు పడి మన నరాల మీద పడిందట. కాళ్ళయ్యాయి, చేతులకొస్తోంది, ఊపిరి దాకా రాకుండా ఆపాలి. వరసగా ఐదు రోజులు ఇవ్వాల్సిన మందు ఒకటి ఉంది. ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. దాని ఖరీదు చెప్పినప్పుడు మా ఆయన సరిగా వినపడనట్టు మళ్ళీ అడిగారు. ఐదు రోజుల మందుకి మా షాపు, షాపులో మెషీన్లు అమ్మినా చాలదు. ప్రభుత్వం ఇచ్చే ఉచిత వైద్యం కార్డు జాబితాలోకి మా పేరు ఎన్నిసార్లు ఎక్కిందో అన్నిసార్లు దిగింది. ఉన్నదల్లా ఆ స్టాఫ్‌రూము పాలసీయే. మొదటి రోజు మందుకి స్నేహితుల దగ్గర అప్పు తెచ్చి, మిగిలిన నాలుగు రోజులకీ బీమా కౌంటర్లో కాగితాలు ఇచ్చారు మా ఆయన.

ఆయన కింద కాగితాలిస్తున్న సమయంలోనే పైన నా మంచం దగ్గరికి ఒక చిన్న డాక్టరమ్మ ఫైలు పట్టుకుని వచ్చింది. ఇదివరకు ఏమైనా జబ్బులున్నాయా అని అడిగింది. నాకు నాలుక మందంగా ఉంది, మాట కూడదీసుకునేలోపు అత్తయ్య అందుకున్నారు.

"ఎనిమిదేళ్ళై సుగరుందమ్మా. అయితే ఏటి, సూది దాకా ఎల్లనిచ్చానా? రోజూ పొద్దున్నే కాకరకాయ దంచి రసం నేనే ఇస్తాను. మెంతులూ నేనే నానబెడతాను. ఈ ఎనిమిదేళ్ళలో ఒక్క రోజు మానితే నన్నడుగు."

ఎంత గర్వంగా చెప్పారో. కోడలి ఒంట్లో సుగరుని తన చేతుల్తో అదుపులో పెట్టానన్న గర్వం. డాక్టరమ్మ మెచ్చుకుని అంతా రాసుకుంది. పెదవి దాటితే పృథ్వి దాటుతుందంటారు. ఈ మాట ఒక అంతస్తు దిగితే చాలు, బీమా కౌంటరు అక్కడే ఉంది.

సోమవారం ఉదయం కౌంటరు అమ్మాయి మా ఆయన్ని పిలిచింది. ఫైల్లో ఎనిమిదేళ్ళ సుగరు అని ఉంది, పాలసీ ఫారంలో లేదని ఉంది, దీనికి జవాబు చెప్పమని కంపెనీవాళ్ళు అడిగారని చెప్పింది. వెయిటింగ్ హాల్లో నాలుగు రోజులుగా కూర్చున్న ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. ఇలాగే తన తమ్ముడి కేసు కొట్టేశారట. "ముసలావిడకి మతిమరుపు, తెలీక సెప్పిందని రాయించండి. సుగరు ఈమధ్యే బయటపడిందనండి" అన్నాడు. పాపం, అతను మంచి కోరే చెప్పాడు.

డాక్టరమ్మ మాత్రం, "నేను రాసింది దిద్దనండీ. పేషెంట్ వేరేగా చెప్తే అది కింద రాస్తాను" అంది.

మా ఆయన నా దగ్గరికి వచ్చే ముందే తల్లిని అరిచేశారు. ఆ సంగతి తర్వాత తెలిసింది. "నీ నోరు కాస్త కట్టుకోలేవా అమ్మా? నువ్వు సెప్పిన ఒక్క మాటతో దాని ప్రాణం మీదకి తెచ్చావు" అన్నారట. ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆయన అమ్మ మీద గొంతెత్తడం నేను వినలేదు. జవాబు చెప్పకుండా ఉన్న అత్తయ్యనీ నేను చూడలేదు. ఆ రోజు రెండూ జరిగాయి.

ఆ సమయానికి నా చేతులు మోచేతుల పైదాకా పోయాయి. నర్సు గంటకోసారి వచ్చి ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో చూస్తోంది. ఆదివారం ఇరవై ఆరు దాకా వెళ్ళాను. సోమవారం ఉదయానికి పదిహేడు. పది దాటలేకపోతే గొంతులో గొట్టం వేస్తారు. లెక్కపెట్టడంలో ఇంత భయం ఉంటుందని ఎవరనుకుంటారు? పదిహేను దాటాక ఒక్కొక్క అంకే కొండెక్కినట్టుండేది.

మా ఆయన వచ్చి నా చెవి దగ్గర వంగి, "పద్మా, ఒక్క మాట సాలు. అమ్మకి గుర్తుండదని సెప్పు" అన్నారు. చదువుకున్న మనిషి, ఎప్పుడూ శుభ్రంగా మాట్లాడే మనిషి, భయంలో చిన్నప్పటి మాట వచ్చేసింది.

ఆయన వెనక అత్తయ్య నిలబడి ఉన్నారు. ఒక్కరినే లోపలికి రానిస్తారు, నర్సుని ఎలా బతిమాలారో ఏమో. కళ్ళు తుడుచుకోలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. నా మంచం రెయిలింగు పట్టుకుని, "అమ్మాయ్, నాకు మతి లేదని సెప్పేయ్. పిచ్చిదాన్నని సెప్పినా పర్లేదు. నాకేటవుతాది?" అన్నారు.

అప్పుడే డాక్టరమ్మ వచ్చి ఫైలు తెరిచి నిలబడింది. నేను చెప్పబోయే మాట మీద నాలుగు రోజుల మందు ఉంది, నా ఊపిరి ఉంది. దీన్ని ధైర్యం అనుకోకండి. ధర్మం, నీతి, పిల్లలకి చెప్పే పద్యాలు, ఏవీ నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. ఎనిమిదేళ్ళు రోజూ తెల్లారగట్ల వంటింటి వెనక రోట్లో కాకరకాయ దంచిన చప్పుడు గుర్తొచ్చింది. ఆ చప్పుడికి ఎన్నిసార్లు విసుక్కున్నానో. ఆ మనిషికి మతి లేదని నా నోటితో ఎలా చెప్పను?

"మా అత్తయ్యకి అన్నీ గుర్తేనండీ. ఎనిమిదేళ్ళే" అన్నాను. మూడు ఊపిర్లు పట్టింది ఆ రెండు ముక్కలకి.

మా ఆయన గోడవైపు తిరిగిపోయారు. అత్తయ్య బయటికి వెళ్ళిపోయారు.

నిజం రాసి పంపాక ఎంతసేపట్లో చెప్తారని మా ఆయన కౌంటరు అమ్మాయిని అడిగారు. ఇప్పుడు గంటలో ఏదో ఒకటి తేల్చాలని రూలు పెట్టారంది. ఇదివరకైతే రెండేసి రోజులు తిప్పించేవారట. ఆ గంటలో నేను నా ఎదురుగా ఉన్న గడియారం చూస్తూ పడుకున్నాను. తల తిప్పుదామంటే మెడ మాట వినలేదు, ఇక చూడ్డానికి అదొక్కటే దిక్కు. నర్సు వచ్చింది. పదమూడు. మంచిదమ్మా అని చెమట తుడిచి వెళ్ళింది. పదమూడులో మంచి ఏముందో ఆ తల్లికే తెలియాలి, కాని ఆ మాట పట్టుకుని నేను ఇంకో అరగంట ఉండగలిగాను.

మా ఆయన వచ్చేసరికి ముఖం చూసి అంతా అయిపోయిందనుకున్నాను. వెనకే కౌంటరు అమ్మాయి కూడా పైకి వచ్చింది. రావాల్సిన పని లేదు తనకి.

"మేడమ్, ఒప్పుకున్నారు. ఐదు రోజులదీ ఇస్తారు" అంది. "మీ పాలసీ ఐదేళ్ళు దాటిందండీ, మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఐదేళ్ళు ఆపకుండా కడితే, కావాలని మోసం చేశారని రుజువు చేస్తే తప్ప, అప్పట్లో ఫలానాది చెప్పలేదని ఇప్పుడు కాదనకూడదు. ఇదివరకు ఎనిమిదేళ్ళు ఉండేది. ఈమధ్యే తగ్గించారు."

నేను ఆ పిల్ల ముఖంకేసి చూస్తూ ఉండిపోయాను. ఎవరో, ఏ ఊళ్ళోనో, ఏ ఆఫీసులోనో కూర్చుని ఎనిమిది కొట్టేసి ఐదు రాశారు. వాళ్ళకి నేనెవరో తెలియదు, నర్సీపట్నం ఎక్కడుందో తెలియదు. ఆ అంకె తిరిగి తిరిగి నా మంచం దాకా వచ్చి నా ఊపిరి పోకుండా పట్టుకుంది. పేపర్లో బీమా వార్తలొస్తే పేజీ తిప్పేసేదాన్ని. ఒక రూలుకి మనసులో దండం పెట్టుకునే రోజు నా జన్మలో వస్తుందనుకోలేదు. చేతులు లేచి ఉంటే నిజంగానే పెట్టేదాన్ని.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. మేం తప్పించుకున్నాం కదా అని ఎవరూ మాలా చేయకండి. ఆరో ఏడు కాబట్టి సరిపోయింది. ఇదే జబ్బు నాలుగో ఏట వచ్చి ఉంటే అత్తయ్య మాట మా మెడకి చుట్టుకునేది. పైగా మోసమని వాళ్ళు పట్టుబట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు, ఆలోచించను కూడా. అన్నిటికన్నా సిగ్గు ఏమిటంటే, ఆ రోజు ఉన్నదున్నట్టు రాసినా మాకు పోయేదేమీ లేదు. ముందు నుంచీ ఉన్న జబ్బుకి మహా అయితే నాలుగేళ్ళు ఆగమనేవారు, ఇప్పుడది మూడేళ్ళే. ఆ నాలుగూ ఎప్పుడో గడిచిపోయాయి. లేనిపోని అబద్ధం ఆడి, చివరికి ఒక ముసలి ప్రాణం తనకి మతి లేదని ఒప్పుకోవడానికి సిద్ధపడేదాకా తెచ్చాం. బీమా అన్నీ ఇస్తుందనీ అనుకోకండి. ఆస్పత్రిలో చేతి తొడుగుల దగ్గర్నుంచి కొన్ని మేమే కట్టుకున్నాం. ఇంటికొచ్చాక కాళ్ళకి వ్యాయామం చేయించిన ఖర్చంతా మాదే. కాని షాపు ఉంది. పొద్దున్నే మా ఆయన వెళ్ళి షట్టరు ఎత్తుతున్నారు. అది తక్కువ సంగతి కాదు. ఇప్పుడు మా స్టాఫ్‌రూములో మిగిలిన పదిమందీ ఒక్కొక్కరే కంపెనీకి ఉత్తరాలు రాస్తున్నారు, ఫలానా జబ్బు ఉంది, దయచేసి నమోదు చేసుకోండని. అందరికన్నా ముందు రాసింది లెక్కల మాస్టారే. ఆయనకి బీపీ అట.

మందు ఐదు రోజులూ ఎక్కింది. మంగళవారం లెక్క పన్నెండు దగ్గర ఆగింది, బుధవారమూ పన్నెండే. అంతకు దిగలేదు. గొట్టం వేయలేదు. మరుసటి వారం నన్ను మామూలు వార్డుకి మార్చారు. ప్రాణానికి భయం లేదు, కాళ్ళూ చేతులూ మాత్రం ఎప్పుడొస్తాయో, ఎంతవరకు వస్తాయో చెప్పలేమన్నారు డాక్టరుగారు. కొందరికి వారాలట, కొందరికి నెలలు, కొందరికి కొంత రానే రాదట. నేను మంచం మీద దుంగలా పడి ఉండేదాన్ని. ఈగ వాలితే ఊదుకోవడమే.

అత్తయ్య నా పక్కనే ఉండేవారు. తినిపించేవారు, తల దువ్వేవారు, ఒళ్ళు తుడిచేవారు. కాని మాట లేదు. మా ఆయన రెండుసార్లు ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, "తప్పయిపోయిందమ్మా" అన్నారు. "నువ్వేటి సేసినావురా" అని మాత్రం అన్నారు. డాక్టర్లు వచ్చి ఏదైనా అడిగితే పక్కకి తప్పుకుని, "అమ్మాయిని అడగండి బాబూ" అనేవారు. పక్క మంచం వాళ్ళు ఏ ఊరని పలకరిస్తే, దానికీ నాకేసి చూసేవారు. వీధి చివర ఉన్నా వినిపించే మనిషి. ఆ నిశ్శబ్దం నాకు తిమ్మిరి కన్నా ఎక్కువ బాధగా ఉండేది.

చేర్చిన పదో రోజో పదకొండో రోజో. సాయంత్రం నాలుగు దాటింది. అత్తయ్య నా కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. రోజూ అలాగే పెట్టుకునేవారు, నాకు స్పర్శ సరిగా తెలిసేది కాదు. ఆ రోజు ఆవిడ నా చేతిని గట్టిగా అదిమి పట్టుకున్నారని తెలిసింది. చూస్తే కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"ఏమైందత్తయ్యా?"

తల అడ్డంగా ఊపారు.

"ఒంట్లో బాగాలేదా? ఆయన్ని పిలవనా?"

ఆవిడ వార్డంతా ఒకసారి చూశారు. దగ్గరికి వంగి, నాకు కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా, "నీ బొటనవేలు కదిలినాదమ్మా" అన్నారు.

నేను నా చేతికేసి చూశాను. కదలమని అడిగాను. ఎవరినో అడిగినట్టే అడిగాను. బొటనవేలు బియ్యపుగింజంత దూరం ఇటు జరిగింది. ఆగింది. మళ్ళీ జరిగింది. మా అమ్మాయి పుట్టగానే మొదటిసారి నా పక్కన పడుకోబెట్టినప్పుడు కూడా నేను అంత ఆశ్చర్యంగా చూడలేదు. నాలో ఎవరో తిరిగొస్తున్నారు. తలుపు దగ్గర నిలబడి, రావచ్చా అని అడుగుతున్నట్టు వస్తున్నారు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఎప్పుడు చూశారు అత్తయ్యా?"

"పొద్దున్న. టిఫిను పెట్టినప్పుడు."

"పొద్దున్న నుంచి చెప్పలేదేం మరి?"

ఆవిడ నా వేలు మీద తన వేలు వేసి, దాన్ని ఎవరికీ కనపడకుండా దాచినట్టు మూశారు. "సెప్తే మళ్ళీ ఏటి మీదకొస్తాదో అని ఊరుకున్నానమ్మా" అన్నారు.

పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా, అంత సంతోషాన్ని ఒక్కరే గుప్పెట్లో పట్టుకుని కూర్చున్నారన్నమాట. ఆవిడని అలా భయపెట్టింది మేం. నాకు లేచి కూర్చోవాలనిపించింది, ఆవిడ తల నా ఒళ్ళో పెట్టుకోవాలనిపించింది. ఏదీ చేయలేను. మాట ఒక్కటే ఉంది నా దగ్గర.

"చెప్పండత్తయ్యా" అన్నాను. "నర్సుకి చెప్పండి, డాక్టరుకి చెప్పండి, అందరికీ చెప్పండి. మీరు చెప్తేనే నేను నమ్ముతాను."

ఆవిడ లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వార్డు మధ్యలోకి వెళ్ళి నిలబడ్డారు. ముందు నర్సుని పిలిచారు. తర్వాత పక్క మంచం వాళ్ళకి, ఆ పక్కవాళ్ళకి, తుడుస్తున్న ఆయాకి చెప్పారు. మా ఆయన కింద మందుల షాపు వరసలో నిలబడి ఉంటే, కిటికీలోంచి కేకేసి చెప్పారు.